మొరాయించిన కంప్యూటరు - చెరగని రాతలు

కంప్యూటరు మొరాయిస్తే అందులో రాసుకున్నవన్నీ పోయినట్లేనా?

అమెరికా టెలివిజన్‌లో పేరుపొందిన 'స్టార్ ట్రెక్' సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ 1991లో మరణించాడు. ఆయన వాడిన ఫ్లాపీలు సుమారు 200 మిగిలాయి. ఫ్లాపీ అంటే మీ నాన్నగారి తరం వాడిన పలుచని ప్లాస్టిక్ బిళ్ళ. వీటిలో ఒక్కొక్కదానికి పట్టేది 160 కిలోబైట్లే. నేటి సెల్‌ఫోను ఫోటో ఒక్కటి కూడా ఇమడదు! ఆయనకోసం ప్రత్యేకంగా తయారైన రెండు కంప్యూటర్లలో ఒకటి వేలంలో పోయింది. రెండోది పనిచేయలేదు.

బిళ్ళమీద ఐరన్ ఆక్సైడు పూత ఉంటుంది. అందులో వలయాల వెంట అయస్కాంత దిశ మారుతూ పోతుంది. ఆ మార్పులే అక్షరాలకు గుర్తులు. కరెంటు లేనంతమాత్రాన అవి చెరగవు. చిక్కల్లా ఏ ముక్క తరువాత ఏది చదవాలన్నదే. ఆ పద్ధతి ఆ కంప్యూటర్లకే తెలుసు! పేజీల అంకెలు లేని పుస్తకం దారం తెగి చెల్లాచెదురైనట్లన్నమాట.

డ్రైవ్‌సేవర్స్ అనే సంస్థ ఇంజనీర్లు గుర్తుల అమరికను పట్టి పట్టి చూసి, చదివే ప్రోగ్రామును తామే రాశారు. అందుకే 3 నెలలు పట్టింది. కొన్ని ఫ్లాపీలు దెబ్బతిన్నా, చాలా భాగం దక్కిందని 2016లో వెల్లడైంది.

మీ ఇంటి పాత కంప్యూటరులోనూ చెడింది విద్యుత్ భాగమే కావచ్చు. హార్డ్ డిస్కును విప్పి మరో కంప్యూటరుకు తగిలిస్తే ఫైళ్ళు కనిపించవచ్చు. టకటక చప్పుడు వస్తే మాత్రం వెంటనే ఆపేయండి. చదివే ముల్లు పూతను గీకేస్తుంటే ఏ ఇంజనీరూ ఏమీ చేయలేడు.