హంగేరియన్‌లో 'లో'కు రెండు రూపాలు ఎందుకు?

హంగేరియన్‌లో ఇల్లు 'హాజ్', తోట 'కెర్ట్'. ఇంట్లో అంటే 'హాజ్‌బన్', తోటలో అంటే 'కెర్ట్‌బెన్'. అర్థం ఒక్కటే అయినా ఒకచోట 'బన్', ఇంకోచోట 'బెన్' ఎందుకు?

ఆ, ఓ, ఊ అని పలికి చూడండి: నాలుక వెనక్కి జరుగుతుంది. ఏ, ఈ అంటే ముందుకు వస్తుంది. ఒకే మాటలో నాలుక అటూ ఇటూ తిరగకుండా, ప్రత్యయంలోని అచ్చు అసలు పదంలోని అచ్చును అనుసరిస్తుంది. దీన్ని స్వరసామ్యం అంటారు. ఫిన్నిష్, టర్కిష్ భాషల్లోనూ ఇది ఉంది.

కొన్ని ప్రత్యయాలకు మూడు రూపాలు. 'దగ్గరికి' అనడానికి 'హొజ్', 'హెజ్' ఉన్నాయి. మూడోదానికి పెదవులు గుండ్రంగా చుట్టి 'హెజ్' అనాలి!

హంగేరియన్‌లో ప్రత్యయాలు ఒకదాని వెనుక ఒకటి చేరతాయి. 'నా ఇళ్ళలో' అంతా కలిపి ఒకే మాట: 'హాజయిమ్‌బన్'. 'నా తోటల్లో' అంటే 'కెర్ట్‌యెయిమ్‌బెన్'. మాట పెరిగినా, మధ్యలో 'ఇ' వచ్చినా, చివరి 'బన్', 'బెన్' అసలు పదంలోని అచ్చునే అనుసరిస్తాయి. అందుకే పొడవాటి మాట కూడా విడిపోకుండా ఒక్కటిగా వినిపిస్తుంది.

తెలుగులోనూ ఇలాంటిది ఉంది. 'పిల్లికి' అంటాం, 'ఆవుకు' అంటాం. 'పులి'కి బహువచనం 'పులులు'. ఇక్కడ మాత్రం ప్రత్యయం కోసం పదమే మారింది. మీరు మాట్లాడే తెలుగులో ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో వెతకండి.