అశ్వం 'కాలు దువ్వడం': నుడికారం, కారణాన్వేషణ, నివారణ

వ్యాససంగ్రహం:
తెలుగు నుడికారంలో 'కాలు దువ్వడం' కయ్యానికి పిలుపు. గుర్రం ముందుకాలితో నేలను గీరడాన్ని కూడా ఇదే అర్థంలో గ్రహించి, పొగరుగా భావించి దండించడం పరిపాటి. అశ్వప్రవర్తనను పరిశీలిస్తే ఈ చేష్ట వెనుక బాధ, నిర్బంధం, నిరీక్షణ, అలవాటు వంటి భిన్న కారణాలు కనిపిస్తాయి. ఆ కారణాలను వేరుచేసి గుర్తించే పద్ధతిని, తదనుగుణమైన నివారణ మార్గాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అశ్వం, కాలు దువ్వడం, జాతీయం, శూల, పునర్బలనం, గుర్రపుశాల.

1. ఉపోద్ఘాతం:
'కయ్యానికి కాలు దువ్వడం' తెలుగులో బహుళ ప్రచారంలో ఉన్న జాతీయం. ఆబోతు తల వంచి, ముందుగిట్టతో మట్టిని వెనక్కి ఎగజిమ్ముతూ ఎదుటి ఆబోతును సవాలు చేసే దృశ్యానికి ఈ మాట చక్కగా సరిపోతుంది. పశువుల విషయంలో అది నిజంగానే బెదిరింపు చేష్ట. అయితే అదే కదలిక కట్టుకొయ్య వద్ద నిలిచిన గుర్రంలో కనిపించినప్పుడు భాష అలవాటు చేసిన అర్థమే ముందుగా స్ఫురిస్తుంది. 'పొగరు', 'మొండితనం' అనే తీర్పు వెలువడుతుంది. తీర్పు వెంట దెబ్బ పడుతుంది. ఆ గుర్రం కడుపునొప్పితో నేలను గీరుతున్నట్లయితే ఈ అపార్థానికి మూల్యం దాని ప్రాణమే కావచ్చు.

2. చేష్ట స్వరూపం, సహజ ప్రయోజనం:
గుర్రం ఒక ముందుకాలిని ఎత్తి, ముందుకు చాచి, గిట్ట కొనను నేలకు ఆనించి వెనక్కి లాగుతుంది. స్వేచ్ఛగా తిరిగే గుర్రాలకు ఇది ఎంతో ఉపయోగకరమైన కదలిక. మంచు కప్పిన గడ్డిని వెలికి తీయడానికి, ఎండిన వాగులో నీటికోసం ఇసుకను తోడడానికి, దొర్లబోయే ముందు నేలను పరీక్షించడానికి అవి ఈ విధంగానే చేస్తాయి. మగగుర్రాలు ఒకదానికొకటి ఎదురైనప్పుడు కూడా కాలు దువ్వుతాయి. కనుక జాతీయం సూచించే అర్థం గుర్రానికి పూర్తిగా వర్తించదని చెప్పలేం. అది అనేక సందర్భాలలో ఒకటి మాత్రమే.

స్వేచ్ఛగా మేసే గుర్రం రోజులో సుమారు 16 గంటలు మేతలోనే గడుపుతుంది. మేస్తూ అడుగు తరువాత అడుగు వేస్తూనే ఉంటుంది. అటువంటి ప్రాణిని కదలడానికి వీలులేకుండా కట్టివేసి, రోజుకు రెండు మూడుసార్లు మాత్రమే దాణా పెట్టినప్పుడు నడవాలన్న ప్రేరణ కాలిలోనే నిలిచిపోతుంది. ముందుకు సాగలేని అడుగు ఉన్నచోటనే నేలను గీరుతుంది.

3. కారణాల విభజన:
ఈ చేష్టకు గల కారణాలను మూడు విధాలుగా విభజించవచ్చు.

3.1 శారీరక బాధ: అన్నింటికంటే ముందుగా పరిశీలించవలసినది ఇదే. గుర్రం వాంతి చేసుకోలేదు. జీర్ణాశయం పరిమాణం శరీరంతో పోలిస్తే చిన్నది. పేగులు పొడవైనవి, మెలిపడే అవకాశం ఉన్నవి. అందువల్ల గుర్రానికి వచ్చే శూల కొన్ని గంటలలోనే ప్రాణాంతకం కాగలదు. శూల తొలి లక్షణాలలో నేలను గీరడం ఒకటి. దానితోపాటు డొక్కవైపు తిరిగి చూసుకోవడం, మేత మానడం, పేడ వేయకపోవడం, చెమట పట్టడం, పదేపదే పడుకుని లేవడం, దొర్లడం కనిపిస్తే పశువైద్యుణ్ణి వెంటనే పిలిపించాలి. ప్రసవానికి సిద్ధంగా ఉన్న ఆడగుర్రం కూడా ఇలాగే నేలను గీరుతుంది.

3.2 నిర్బంధం, నిరీక్షణ: దాణా బకెట్టు చప్పుడు, తోటి గుర్రాన్ని బయటికి తీసుకువెళ్లడం, ఎక్కువసేపు ఒంటరిగా కట్టివేయడం - ఇవి కోరిన దానికి, అందిన దానికి మధ్య దూరాన్ని పెంచే సందర్భాలు. ఇక్కడ కాలు దువ్వడం ధిక్కారం కాదు, అసహనం.

3.3 నేర్చుకున్న అలవాటు: నేలను గీరినప్పుడల్లా ఎవరో ఒకరు దగ్గరికి రావడం, దాణా త్వరగా అందడం జరిగితే 'గీరితే దొరుకుతుంది' అన్న పాఠం గుర్రానికి పట్టుబడుతుంది. మందలించడానికి వచ్చినా వచ్చినట్లే. ఒంటరి గుర్రానికి ఆ మందలింపు కూడా ఒక పలకరింపే.

4. పునర్బలనం - మనిషి పాత్ర:
బి.ఎఫ్. స్కిన్నర్ ప్రతిపాదించిన కార్యసాధక నిబంధనం ప్రకారం, ఫలితాన్నిచ్చిన చేష్ట మళ్లీ మళ్లీ జరుగుతుంది. ఫలితం ప్రతిసారీ కాక అప్పుడప్పుడు మాత్రమే లభిస్తే ఆ చేష్ట మరింత గట్టిగా నాటుకుంటుంది. పదిసార్లు పట్టించుకోకుండా పదకొండోసారి విసుగుతో దాణా పెట్టిన సంరక్షకుడు తనకు తెలియకుండానే గుర్రానికి పట్టుదల నేర్పుతున్నాడు.

గుర్రం కాలికి, మనిషి స్పందనకు ఉన్న సంబంధానికి ప్రసిద్ధమైన ఉదాహరణ బెర్లిన్‌లోని 'హాన్స్'. విల్హెల్మ్ ఫాన్ ఓస్టెన్ పెంచిన ఈ గుర్రం లెక్కలకు సమాధానాలను గిట్టతో తట్టి చెబుతుందని 1904 నాటికి పెద్ద పేరు వచ్చింది. ప్రశ్నించే వ్యక్తి తనకు తెలియకుండానే చేసే అతి స్వల్పమైన తల కదలికను గమనించి అది తట్టడం ఆపుతున్నదని ఆస్కార్ ఫుంగ్‌స్ట్ 1907లో ప్రచురించిన పరిశీలన నిరూపించింది. హాన్స్ తట్టడం శిక్షణవల్ల వచ్చినది; నేలను గీరడం సహజ చేష్ట. అయినా రెండింటినుంచి గ్రహించవలసిన సత్యం ఒక్కటే. గుర్రం కాలు ఎప్పుడు కదలాలో, ఎప్పుడు ఆగాలో ఎదుట నిలిచిన మనిషి తెలియకుండానే నేర్పుతుంటాడు.

5. నివారణ మార్గాలు:
బాధ లేదని నిర్ధారించుకున్న తరువాతనే శిక్షణ ఆలోచన చేయాలి. ముందుగా జీవన పరిస్థితులను సవరించాలి. ఎండుగడ్డి ఎక్కువ సమయం అందుబాటులో ఉండాలి. రోజూ స్వేచ్ఛగా తిరిగే అవకాశం, కంటికి కనిపించే దూరంలో తోటి గుర్రం ఉండాలి. ఈ దృష్టి కొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం 2వ అధికరణంలోని 'అశ్వాధ్యక్ష' అధ్యాయం ఒక్కొక్క గుర్రానికి దాని నిడివి అంత భుజాలు గల చతురస్రమైన స్థలాన్ని, నున్నని పలకల నేలను, మేత తొట్టిని విధించింది. తెలుగులో మనుమంచిభట్టు 'హయలక్షణవిలాసము' వంటి అశ్వశాస్త్ర రచన వెలువడడం కూడా గుర్రాన్ని శ్రద్ధగా గమనించే సంప్రదాయం మనకు ఉన్నదనడానికి సాక్ష్యం.

తరువాతిది అలవాటు మాన్పడం. గీరుతున్నంతసేపూ దాణా, పలకరింపు, మందలింపు - ఏవీ అందకూడదు. నాలుగు కాళ్లూ నేలపై నిలిచిన క్షణంలోనే దాణా గాని, మెడ నిమిరే ఆదరణ గాని లభించాలి. మొదట రెండు మూడు క్షణాల నిశ్చలత చాలు; ఆ వ్యవధిని క్రమంగా నిమిషాలకు పెంచాలి. ఫలితం ఆగిపోయిన తొలిరోజులలో గుర్రం మునుపటికంటే తీవ్రంగా గీరుతుంది. చాలామంది 'ఈ పద్ధతి పనిచేయడం లేదు' అని విడిచిపెట్టేది ఇక్కడే. ఆ దశలో లొంగిపోతే మరింత తీవ్రమైన గీరుడుకే ప్రతిఫలం దక్కినట్లవుతుంది. అందుకే సాలలో పనిచేసే వారందరూ ఒకే నియమాన్ని పాటించాలి.

రబ్బరు పరుపులు గిట్ట అరుగుదలను, లాడం వదులవడాన్ని, నేల గుంతలు పడడాన్ని తగ్గిస్తాయి; కారణాన్ని తొలగించవు. కాళ్లకు బంధాలు, గొలుసులు వేయడం గాయాలకు దారితీస్తుంది. అంతకుమించి, బాధను తెలియజేసే చేష్టనే అణచివేస్తుంది.

6. ముగింపు:
- గుర్రం నేలను గీరడం ఒకే అర్థం గల చేష్ట కాదు. సందర్భాన్ని బట్టి దాని అర్థం మారుతుంది.
- శూల లక్షణాల పరిశీలన మొదటి మెట్టు, జీవన పరిస్థితుల సవరణ రెండవది, శిక్షణ మూడవది. ఈ క్రమం తారుమారు కాకూడదు.
- దండన కారణాన్ని తాకదు. అప్పుడప్పుడు లొంగిపోవడం అలవాటును బలపరుస్తుంది.
- ఆబోతును చూసి పుట్టిన అర్థాన్ని గుర్రానికి యథాతథంగా అన్వయించడం సరికాదు. జాతీయం ఒక సమాజపు పరిశీలనను భద్రపరుస్తుంది; ఆ పరిశీలన హద్దులను గుర్తించడం దానిని వాడేవారి బాధ్యత.