సున్నితస్వభావము – దాని పోషణ



నేను ముప్పదియేండ్లకు పైగా తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. వైద్యుడను గాను, మనశ్శాస్త్రమును గురుముఖమున అభ్యసించినవాడనును గాను. అయినను నేడు సున్నితస్వభావమును గూర్చి మీతో మాటలాడ సాహసించుటకు కారణము నేను చేసిన యొక తప్పు. మొదట దానిని చెప్పి, పిమ్మట ఈ విషయమున శాస్త్రజ్ఞులు కనుగొన్న సంగతులను, అట్టి స్వభావము గలవారికి మనము చేయదగిన సాయమును విన్నవించెదను.

1989వ సంవత్సరమున నేనొక గ్రామ పాఠశాలయందు ఉద్యోగము చేయుచుంటిని. ఏడవ తరగతిలో ఒక బాలుడుండెను. పద్యమును రెండు మారులు వినినంతనే అప్పగించెడివాడు. కరుణరసఘట్టమునకు అర్థము చెప్పునప్పుడు వాని కన్నులు చెమర్చెడివి. కాని తరగతిలో కేకలు చెలరేగినను, ప్రక్కవానికి దెబ్బ పడినను వాని ముఖము వెలవెలబోయెడిది. ఒకనాడు తనిఖీ అధికారి వచ్చెను. వానిచే పద్యము చదివించి మెప్పు పొందవలెనని నేను వానిని లేపితిని. వాడు లేచి నిలిచెను గాని నోట మాట రాలేదు. అధికారి నవ్వెను, తరగతి యంతయు నవ్వెను. అధికారి వెడలిన పిమ్మట నేను వానిని నలుగురిలో “పిరికిపంద” యని తూలనాడి బెత్తముతో రెండు దెబ్బలు కొట్టితిని. మరునాడు వాడు బడికి రాలేదు. ఆ పిమ్మటను రాలేదు. తండ్రి వెంట ఆకుతోట పనికి పోవుచున్నాడని విని, “వానికి చదువు వ్రాసిపెట్టి లేదు” అని నా మనస్సునకు నేనే సమాధానము చెప్పుకొంటిని.

ఇట్టివారు ప్రతి గ్రామమునను కలరు. పెండ్లియింట బాజాల హోరునకు తాళలేక మూలగదిలో తల పట్టుకొని కూర్చుండు కోడలు, ఒక పరుషవాక్యము విని రెండు రాత్రులు నిద్రపట్టక దొర్లు రైతు, కోడిని కోయుట చూచి ఆ పూట అన్నము ముట్టని పిల్లవాడు, వీరిని మీరును చూచియే యుందురు. “మెత్తనివాడు, పనికిరాడు” అని మనము తేలికగా తేల్చివేయుదుము.

అమెరికా దేశమున ఎలెయిన్ ఆరన్ అను మనశ్శాస్త్రజ్ఞురాలు ఇట్టివారిని గూర్చి పరిశోధించి, 1996లో సామాన్యజనుల కొరకు ఒక గ్రంథము ప్రకటించెను. మరుసటి యేడు, అనగా 1997లో, ఆమెయు ఆమె భర్త ఆర్థర్ ఆరన్‌యు కలిసి ఈ స్వభావమును కొలుచుటకు 27 ప్రశ్నలు గల యొక కొలమానమును శాస్త్రపత్రికలో వెలువరించిరి. ఆమె చెప్పిన లక్షణములు నాలుగు. మొదటిది, ఏ విషయమునైనను లోతుగా ఆలోచించుట. అందుచే నిర్ణయమునకు ఆలస్యమగును. రెండవది, వెలుగు, చప్పుడు, జనసమ్మర్దము ఎక్కువైనచో ఇతరులకంటె త్వరగా అలసిపోవుట. మూడవది, సంతోషమునకును దుఃఖమునకును గాఢముగా చలించుట, పరుల బాధను తన బాధగా పొందుట. నాలుగవది, ఇతరుల కంటికి ఆనని చిన్న మార్పులను పసికట్టుట. ఈ నాలుగును కలిసియున్నప్పుడే ఈ స్వభావము కలదని ఆమె మతము.

ఇది రోగము గాదు. మానసికవ్యాధులను వర్గీకరించు వైద్యగ్రంథములలో దీనికి చోటు లేదు. ఇది సిగ్గరితనమును గాదు. ఇట్టివారిలో నూటికి 30 మంది వరకు నలుగురిలో కలుపుగోలుగా మెలగువారే యని ఆరన్ అంచనా. 2018లో ఫ్రాంచెస్కా లియొనెట్టి, మైకేల్ ప్లూస్ మొదలైన పరిశోధకులు ప్రకటించిన లెక్కలో, పరీక్షింపబడినవారిలో నూటికి సుమారు 31 మంది మిక్కిలి సున్నితులు, 40 మంది మధ్యములు, 29 మంది తక్కువ సున్నితులు అని తేలెను. కవలలపై జరిగి 2020లో వెలువడిన పరిశోధనలో, ఈ విషయమున మనిషికిని మనిషికిని గల భేదములో సుమారు సగము పుట్టుకతో వచ్చినదనియు, తక్కినది పరిసరములవలన ఏర్పడునదనియు తెలిసెను. ఇంతటి జనసంఖ్యలో ఉన్న గుణమును లోపమని ఎట్లనగలము?

మన పూర్వులు మనుష్యులందరిని ఒకే కొలతతో కొలువలేదు. చరకసంహిత విమానస్థానమున ఎనిమిదవ అధ్యాయమునందు రోగిని పరీక్షింపవలసిన విధములు పది చెప్పబడినవి. అందు సత్త్వము, అనగా మనోబలము, ఒకటి. అది ప్రవరము, మధ్యమము, అవరము అని మూడు తెరగులు. దేహము పెద్దదైనను కొలది నొప్పికే తాళలేనివారు కలరని అచ్చట చెప్పబడినది. ఇప్పటివారు చెప్పు సున్నితస్వభావమును, చరకుడు చెప్పిన అవరసత్త్వమును ఒకటే యని నేననను. చరకుడు దానిని బలహీనతగా లెక్కించెను. ఇప్పటివారు ఈ స్వభావమునందు బలమును గూడ చూచుచున్నారు. ఆ బలమును మన ఆలంకారికులు వేరొక చోట గుర్తించిరి. కవి హృదయముతో తన హృదయమును కలుపగలవానిని వారు సహృదయుడనిరి. ఆ సహృదయలక్షణమును తరగతిలో పాఠము చెప్పిన నేనే, నా యెదుట నిలిచిన సహృదయుని బెత్తముతో కొట్టితిని.

ఇక ఈ స్వభావమునందలి ముఖ్యమైన మర్మము చెప్పెదను. సున్నితుడు చెడు పరిసరములలో ఇతరులకంటె ఎక్కువగా చెడును. మంచి పరిసరములలో ఇతరులకంటె ఎక్కువగా వృద్ధి పొందును. లండను నగరమున ఒక బాలికల పాఠశాలలో సుమారు పదునొకండేండ్ల బాలికలకు మనోధైర్యము నేర్పి, దిగులు కలుగకుండ చేయుటకు కొన్ని పాఠములు చెప్పిరి. 2015లో ప్రకటింపబడిన ఫలితమేమనగా, మిక్కిలి సున్నితులైన బాలికలకే ఆ పాఠములు దిగులును తగ్గించినవి. తక్కినవారియందు చెప్పుకోదగిన మార్పు లేదు. ఒకే పాఠము; ఐనను ఎక్కువగా గ్రహించినవారు సున్నితులే.

దీనిని మీకు ఎరిగిన పోలికతో చెప్పెదను. తుమ్మచెట్టునకు ఎవరును నీరు పోయరు; ఎండలోనే ఎదుగును. తమలపాకు తీగ అట్లు గాదు. ముందుగా అవిసె వేసి, అది ఎదిగిన పిమ్మట దాని నీడలో తీగను నాటి, పైకి ప్రాకించి కట్టవలెను. నేల ఎప్పుడును చెమ్మగా నుండవలెను. నీరు మాత్రము నిలువరాదు. వడగాలి తగిలినచో ఆకు మాడును. ఇన్ని పాట్లు పెట్టుచున్నదని తమలపాకును పనికిరాని తీగ యని ఏ రైతైనను అనునా? తాంబూలము లేనిదే మనకు శుభకార్యమే లేదు గదా!

ఇప్పుడు సాయమును గూర్చి చెప్పెదను. హైదరాబాదున ఉద్యోగము చేయుచున్న నా కుమార్తె చిన్ననాటినుండి సున్నితురాలు. కొన్నియేండ్ల క్రిందట ఆమెకు నిద్ర పట్టక, తరచు తలనొప్పి వచ్చుచు, ఆకలి మందగించెను. వైద్యుడు రక్తపరీక్షలన్నియు చేయించి, రోగమేమియు లేదని చెప్పి, హెల్త్ కోచ్ అనబడు నొక స్త్రీ సాయము తీసికొమ్మనెను. ఆ పేరు నేనదే మొదటిసారి వినుట. హెల్త్ కోచ్ అనగా వైద్యుడు గాదు. రోగము నిర్ణయింపడు, మందు వ్రాయడు. నిద్ర, ఆహారము, నడక, విశ్రాంతి మొదలగు దినచర్యలో మనిషి తనంతట తాను మార్పు తెచ్చుకొనుటకు వారమువారము తోడుగా నుండువాడు. వారి పద్ధతికి ఆధారమైన సంభాషణావిధానమును విలియం మిల్లర్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు 1983లో మొదట ప్రతిపాదించెను. ఇది చేయుము, అది మానుము అని శాసింపక, అడిగి, విని, ఎదుటివాని నోటనే మార్పునకు కారణమును రప్పించుట అందలి కీలకము.

ఆ స్త్రీ మొదటినాడు నా కుమార్తెను అడిగిన ప్రశ్న, “దినములో ఏ వేళ మీకు హాయిగా నుండును?” అని. పిమ్మట ఏడు దినములు తిండి, నిద్ర, అలసట వ్రాసి తెమ్మనెను. ఆ కాగితము చూడగా, మధ్యాహ్న భోజనము మాని, రాత్రి పొద్దుపోవువరకు ఫోనులో ఆఫీసు సంగతులు చూచిన దినములలోనే నిద్ర చెడుచున్నదని నా కుమార్తె తానే కనిపెట్టెను. రెండే మార్పులు తానే యెంచుకొనెను: వేళకు భోజనము చేసి పది నిమిషములు ఒంటరిగా కూర్చుండుట, రాత్రి తొమ్మిదింటికి ఫోనును పడకగది వెలుపల పెట్టుట. మూడు నెలలు వారమునకు అరగంట చొప్పున ఆమె మాటలాడెను. నిద్ర కుదుటపడెను. తలనొప్పి పూర్తిగా పోలేదు గాని తగ్గినది. అప్పుడు నా కుమార్తె నాతో, “నాన్నగారూ, ఆమె నన్ను అడిగినట్లు మన యింట ఎవరును ఎన్నడును అడుగలేదు” అనెను. ఇరువదియైదేండ్లు నేను ఆమెకు ధైర్యము చెప్పుచున్నానని తలంచితిని. నేను చెప్పినది ధైర్యము గాదు, ఆజ్ఞ.

అయితే కొన్ని జాగ్రత్తలు అవసరము. అమెరికాలో 2017 నుండి హెల్త్ కోచులకు జాతీయస్థాయిలో పరీక్ష జరుగుచున్నది. మన దేశమున ఈ వృత్తికి వైద్యవృత్తికి వలె చట్టబద్ధమైన నియమములు లేవు. ఎవరైనను ఆ పేరు పెట్టుకొనవచ్చును. కనుక ఎచ్చట శిక్షణ పొందిరో అడుగవలెను. మందులు మానుమని చెప్పువారిని, పొడులు లేహ్యములు అమ్మజూపువారిని దూరముగా నుంచవలెను. మొదట వైద్యునికి చూపించి, రోగము లేదని తేలిన పిమ్మటనే ఈ సాయమును కోరుట మేలు. రెండు వారములకు మించి దిగులు వదలకున్నను, బ్రతుకు మీద విరక్తి మాటలు వినవచ్చినను జాగు చేయక వైద్యుని ఆశ్రయింపవలెను. 2022 అక్టోబరు 10న భారత ప్రభుత్వము ఆరంభించిన టెలిమానస్ అను సేవ కలదు. 14416 సంఖ్యకు ఫోను చేసినచో రాత్రింబవళ్లు తెలుగులో ఉచితముగా సలహా దొరకును.

ధనము లేకుండ పెద్దలము మనమే చేయదగిన పనులును కలవు. బిడ్డను నలుగురిలో దూషింపక, తప్పును ఏకాంతమున చెప్పవలెను. కొత్త చోటికి తీసికొనిపోవునపుడు అచ్చట ఏమి జరుగునో ముందుగా చెప్పవలెను. శుభకార్యములలో చప్పుడు లేని గది యొకటి విడిచిపెట్టి, అచ్చట కూర్చుండినవారిని ఎగతాళి చేయకుండవలెను. సలహా చెప్పుటకు ముందు ఒక ప్రశ్న అడిగి, సమాధానము వచ్చువరకు ఓర్చుకొనవలెను.

అట్లని మితిమీరి ముద్దు చేయుటయు తగదు. హార్వర్డు విశ్వవిద్యాలయమున జెరోమ్ కేగన్ నాలుగు నెలల శిశువులను పరీక్షించి, ఐదింట ఒకరు కొత్త విషయములు ఎదురైనచో మిక్కిలి కలవరపడుదురని గుర్తించెను. వారిని పెంచుకొలది పరిశీలింపగా, ప్రతి భయమునుండియు కాచిన తల్లుల బిడ్డలకంటె, హద్దులు పెట్టి మెల్లగా ముందునకు నడిపిన తల్లుల బిడ్డలకే భయము తగ్గెను. ఆకుతోటలో నీడ చిక్కనై, నీరు నిలిచినచో తీగ మొదలు కుళ్లును గదా.

నేను చెప్పిన ఆ బాలుడు ఇప్పుడు ఏబదియేండ్లకు దగ్గర పడుచున్న సంసారి. ఆ చుట్టుప్రక్కల ఆకుతోట తెగులును ముందుగా పసికట్టువాడు అతడే యని రైతులందురు. తమ తోటలు చూపుటకు అతనిని పిలుచుకొని పోవుదురు. పైన తీగను గూర్చి చెప్పిన మాటలు అతడు నాకు చెప్పినవే. దారిలో ఎదురైనప్పుడు నేటికిని చెప్పులు విడిచి “నమస్కారమండీ మాస్టారూ” అనును. నాటి సంగతి అతడెన్నడును ఎత్తలేదు, నేనును ఎత్తలేకపోయితిని. ఈ ప్రసంగము వ్రాయుటకు ముందు ఒక దినము అతని తోటకు పోయి, అవిసె నీడలో కూర్చుండి, “ఆనాడు నేను కొట్టినది తప్పు” అని చెప్పితిని. అతడు కొంతసేపు తీగ కట్టుచు ఊరకుండెను. పిమ్మట, “ఆ పద్యము నాకిప్పటికిని వచ్చునండీ” అని మొదటినుండి తుదివరకు తొట్రుపాటు లేక చదివెను. అచ్చట నవ్వువారెవరును లేరు.

మీ యింట, మీ వీధిలో అట్టి బిడ్డ యుండినచో, ముప్పదియేండ్లు ఆగక ఈ సాయంకాలమే వాని ప్రక్కన కూర్చుండి మెల్లగా ఒక ప్రశ్న అడుగుడు.