గట్టు గడ్డిలో నల్లి: జ్వరమొస్తే నల్ల మచ్చ వెతకండి

వానలు పడి గట్ల మీద గడ్డి ఏపుగా పెరిగే రోజుల్లో పల్లెల్లో జ్వరాలు మామూలే. మలేరియా అనో, టైఫాయిడ్ అనో అనుకుంటాం. వాటి మాటున గుర్తుపట్టకుండా ముదిరే జ్వరం మరొకటి ఉంది. అదే స్క్రబ్ టైఫస్. గడ్డి కోసేవారు, కలుపు తీసేవారు, పశువులు కాసేవారు దీని సంగతి తప్పక తెలుసుకోవాలి.

ఎలా వస్తుంది?

మిరపలో కింది ముడత తెచ్చే నల్లిని రైతులంతా ఎరుగుదురు. ఈ జ్వరాన్ని మోసేదీ ఆ కోవకు చెందిన నల్లే. మంచాల్లో ఉండే నల్లి కాదు. పొదలు, గట్లు, ఎలుకలు తిరిగేచోట ఉంటుంది. దీని పిల్లపురుగు గడ్డి మీద కాచుకుని అటుగా వచ్చిన ఎలుకనో, మనిషినో పట్టుకుంటుంది. కంటికి ఆనదు, కుట్టినట్టూ తెలియదు. కుట్టిన 6 నుంచి 21 రోజుల్లో జ్వరం మొదలవుతుంది. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు.

గుర్తుపట్టడమెలా?

చలితో తీవ్ర జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు ఉంటాయి. కుట్టినచోట బీడీతో చురక పెట్టినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. నొప్పి ఉండదు కాబట్టి మన దృష్టికి రాదు. చంకలు, గజ్జలు, మొలతాడు లేదా లంగాబొందు కట్టేచోట, రొమ్ముల కింద వెతకాలి. అయితే ఈ మచ్చ అందరికీ రాదు. లేదు కదా అని ఊరుకోవద్దు.

చవకైన మందే

డాక్సీసైక్లిన్ దీనికి బాగా పనిచేస్తుంది. ఖరీదైన మందు కాదు. సకాలంలో మొదలుపెడితే చాలామందికి రెండు రోజుల్లోనే జ్వరం తగ్గుముఖం పడుతుంది. పెన్సిలిన్ రకం మందులు దీనిపై పనిచేయవు. వాటితో వారం గడిపేస్తే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతిని ప్రాణం మీదికి రావచ్చు. సొంతంగా మందులు కొని మింగకండి. గర్భిణులు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. వారికి వేరే మందు ఇస్తారు.

ఈ జాగ్రత్తలు పాటించండి

* గడ్డి కోసేటప్పుడు నిండు చేతుల చొక్కా, కాళ్లు కప్పే బట్టలు వేసుకోండి.
* గట్టు మీద కూర్చోవాలన్నా, నడుం వాల్చాలన్నా గోనెపట్టా పరుచుకోండి.
* విప్పిన బట్టలు పొదల మీద వేయకండి.
* ఇంటికి రాగానే సబ్బుతో ఒళ్లు రుద్ది స్నానం చేయండి. పనిబట్టలు ఉతికాకే మళ్లీ తొడగండి.
* ఇంటి చుట్టూ పిచ్చిమొక్కలు, చెత్త లేకుండా చూడండి. ఎలుకలు తగ్గుతాయి.

జ్వరం మూడు రోజులు దాటితే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. "గడ్డి కోశాను, చేలో తిరిగాను" అని డాక్టరుకు చెప్పండి. మచ్చ ఉంటే సిగ్గుపడకుండా చూపించండి. ఆ ఒక్క మాటతోనే సరైన మందు త్వరగా అందుతుంది.