ఎముక చెప్పనిది నీరు చెబుతుంది

మదనపల్లె పక్కనే ఆరోగ్యవరంలో 1915 నుంచి క్షయ రోగులకు వైద్యం జరుగుతోంది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ నిలబెట్టిన శానటోరియం అది. క్షయకు మందు లేని ఆ కాలంలో మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, ఇవే వైద్యం. 1948లో దేశంలో బీసీజీ టీకాలు మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. ఊపిరితిత్తుల్లో చేరిన క్షయను అప్పట్లో ఎక్స్‌రే పట్టిచ్చేది. వెన్నుపూసలో దాక్కున్న క్షయ మాత్రం దానికి అంత తొందరగా చిక్కదు. పూసలోని ఖనిజం మూడో వంతు నుంచి సగం దాకా కరిగిపోతే గానీ ఫిల్ము మీద తేడా కనిపించదు. ఆలోపే కొందరికి గూని పడుతుంది, కొందరికి కాళ్లు చచ్చుబడతాయి.

ఆ ఆలస్యాన్ని తగ్గించింది ఎంఆర్‌ఐ. ఎందుకంటే అది వెతికేది ఎముకను కాదు, నీటిని.

మన ఒంట్లో సగానికి పైగా నీరే. ప్రతి నీటి అణువులో రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక్కోదాని నడిమధ్య ఒక ప్రోటాన్. ఆ ప్రోటాన్ ఓ బుల్లి అయస్కాంతం. మామూలుగా ఇవి తలో దిక్కూ చూస్తుంటాయి. ఆస్పత్రుల్లో ఎక్కువగా వాడే 1.5 టెస్లా యంత్రం బలం భూమి అయస్కాంత క్షేత్రం కంటే దాదాపు 30 వేల రెట్లు. మనిషి అందులోకి వెళ్లగానే ప్రోటాన్లు వాలిన బొంగరాల్లా ఆ క్షేత్రం చుట్టూ తిరుగుతాయి. క్షేత్రం వైపు మొగ్గేవి, ఎదురుగా మొగ్గేవాటి కంటే పది లక్షలకు నాలుగైదు మాత్రమే ఎక్కువ. మనం చూసే బొమ్మంతా ఆ నాలుగైదింటి చలవే! వాటి వేగానికి సరిగ్గా సరిపోయే రేడియో తరంగాన్ని, అంటే సెకనుకు సుమారు 6.4 కోట్ల కంపనాలున్నదాన్ని, పంపితే అవి పక్కకు ఒరుగుతాయి. తరంగం ఆపగానే తిరిగి సర్దుకుంటూ సన్నటి సంకేతం వదులుతాయి. కొవ్వులో ఉన్నవి త్వరగా సర్దుకుంటాయి, వెన్ను ద్రవంలోవి నిదానంగా. వాపు, చీము, కణితి, దేని తీరు దానిదే. ఎలుకల కణితుల్లో ఈ తేడాను 1971లో రేమండ్ డమాడియన్ చూపించాడు.

సంకేతం వచ్చింది సరే, ఒంట్లో ఎక్కడి నుంచి వచ్చింది? 1973లో పాల్ లాటర్‌బర్ దీనికి దారి కనిపెట్టాడు. అయస్కాంత బలాన్ని ఒక కొస నుంచి మరో కొసకు కొద్దికొద్దిగా మారిస్తే ఒక్కో చోటి ప్రోటాన్లు ఒక్కో వేగంతో తిరుగుతాయి. వేగాన్ని బట్టి చోటు తెలిసిపోతుంది. ఆయన తీసిన తొలి బొమ్మ రెండు సన్నటి నీటి గొట్టాలది. పీటర్ మ్యాన్స్‌ఫీల్డ్ ఈ పద్ధతికి గణితాన్ని, వేగాన్ని సమకూర్చాడు. 2003లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. 1977లో మనిషి ఒంటిని తొలిసారి స్కాన్ చేయడానికి దాదాపు ఐదు గంటలు పట్టింది. ఇప్పుడు వెన్నుకు అరగంట చాలు.

మదనపల్లె మార్కెట్‌యార్డు టమాటానే తీసుకోండి. అందులో నూటికి తొంభై పాళ్లకు పైగా నీరే. ఆ యంత్రంలో పెడితే, కోయకుండానే లోపలి గదులు, గింజల చుట్టూ ఉన్న గుజ్జు, తొక్క కింద నలిగిన చోటు విడివిడిగా కనిపిస్తాయి. ఎక్స్‌రేలో అదే టమాటా ఓ మసక ముద్ద. పూసల్లోని మూలుగ, వాటి మధ్య డిస్కు, లోపలి వెన్నుపాము కూడా ఇలా నీళ్లున్నవే. క్షయ సోకిన పూస ఇంకా గట్టిగా కనిపిస్తుండగానే దాని మూలుగలో వాపు ఎంఆర్‌ఐకి తెలుస్తుంది. పక్కన చీము గూడు కట్టిందా, వెన్నుపామును నొక్కుతోందా అన్నదీ తెలుస్తుంది. అయితే ఆ వాపు క్షయదేనని తేల్చడానికి అక్కడి నుంచి ముక్క తీసి పరీక్షించాలి. తేలాక సాధారణంగా ఏడాది పాటు మందులు వాడాలి. ప్రభుత్వం వాటిని ఉచితంగా ఇస్తుంది.

ఎంఆర్‌ఐ పని వెన్నుతోనే ఆగదు. పక్షవాతం వచ్చిన కొద్ది నిమిషాల్లోనే మెదడులో నీటి కదలిక మందగించిన చోటును ఇది చూపగలదు. మూర్ఛకు కారణమైన మచ్చ, మోకాలిలో తెగిన లిగమెంటు, ప్రోస్టేట్ కణితి, ఇవన్నీ దీని పరిధిలోవే. ఎక్స్‌రే, సీటీలలో ఉండే రేడియేషన్ ఇందులో లేదు.

ప్రమాదం ఉన్నది అయస్కాంతంతోనే. అతిశీతల ద్రవ హీలియంలో, సున్నాకు 269 డిగ్రీల దిగువన, దాని తీగచుట్టలో కరెంటు ఆగకుండా తిరుగుతుంటుంది. రాత్రీ పగలూ, ఊళ్లో కరెంటు పోయినా అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబైలోని నాయర్ ఆస్పత్రిలో బంధువు కోసం ఆక్సిజన్ సిలిండర్‌తో ఎంఆర్‌ఐ గదిలోకి వెళ్లిన యువకుడు ప్రాణమే కోల్పోయాడు. మన దగ్గర గుర్తుంచుకోవలసినవి చిన్న వస్తువులు: తాళికి తగిలించుకున్న పిన్నీసులు, మొలతాడుకు కట్టిన తాయెత్తు, మెట్టెలు, జడపిన్నులు. తాళి తీయడానికి మనసొప్పని పెద్దామెకు సిబ్బంది ఓపికగా చెప్పాలి, పక్కనున్న కూతురో కోడలో ధైర్యమివ్వాలి. పేస్‌మేకర్ ఉన్నా, ఒంట్లో ఇనుప ముక్క మిగిలినా ముందే చెప్పాలి. లోపల దడదడమనే చప్పుడు అయస్కాంత బలాన్ని మార్చే తీగచుట్టలదే. చెవులకు దూది పెడతారు, చేతికి రబ్బరు బంతి ఇస్తారు. భయమేస్తే నొక్కితే చాలు.

మరో మాట గట్టిగా చెప్పాలి. నడుం నొప్పి అనగానే ఎంఆర్‌ఐ తీయించుకోవడం మంచిది కాదు. నొప్పే లేనివారిని పరీక్షిస్తే 20 ఏళ్ల వాళ్లలో 37 శాతం మందికి, 80 ఏళ్ల వాళ్లలో 96 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించినట్టు 2015లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది. బస్తాలు మోసి నడుం పట్టేసిన కూలీ రిపోర్టులో అదే మాట చూసి ఆపరేషన్‌కు అప్పు చేస్తే, ఆ అప్పుకు బాధ్యత స్కాన్ రాసిచ్చినవాళ్లదీ.

ఇక స్కాన్ కోసం వెళ్లాల్సిన దూరం సంగతి. కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. పీఈఎస్ వైద్య కళాశాల ఉన్నా, పెద్ద జబ్బంటే బెంగళూరు రైలెక్కడమో వేలూరు వెళ్లడమో ఇప్పటికీ అలవాటే. పుంగనూరు, మదనపల్లె వాళ్లూ అంతే. యంత్రం ధర, హీలియం ఖర్చు చిన్న ఊళ్లకు భారం. ద్రవ హీలియం అవసరం లేని యంత్రాన్ని బెంగళూరు సంస్థ వోక్సెల్‌గ్రిడ్స్ తయారుచేసింది, 2023లో ఆవిష్కరించారు. అలాంటివి ఏరియా ఆస్పత్రుల దాకా రావాలని ప్రజలు అడగాలి, ప్రభుత్వాలు వినాలి.

ఇంట్లో ఎవరికైనా వారాల తరబడి వెన్నునొప్పి తగ్గక, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి ఉంటే ఆలస్యం చేయకండి. కాళ్లలో తిమ్మిరి, పట్టు తప్పడం, మూత్రం ఆగిపోవడం కనిపిస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పాత ఫిల్ములన్నీ వెంట పెట్టుకుని వెళ్లండి.