డిస్కులో బొమ్మ – జేబులో మాట

మన కళాశాల డిపార్టుమెంట్లలో ఏ బీరువా తెరిచినా వీసీడీలు, డీవీడీలు దొంతరలుగా కనిపిస్తాయి. వార్షికోత్సవాల్లో ఆడిన పద్యనాటకాలు, రిటైరైన మాస్టార్ల ప్రసంగాలు, అవధానాలు – 2000 తర్వాత పది పదిహేనేళ్లపాటు మనవాళ్లు రికార్డు చేయించినవన్నీ వాటిలోనే ఉన్నాయి. ఇప్పుడొచ్చే ల్యాప్‌టాపుల్లో చాలావాటికి డిస్కు పెట్టే అరే లేదు. ఫోనుకు అసలే లేదు. దాంతో ఆ గొంతులన్నీ బీరువాల్లోనే మూగపోయాయి.

నిజానికి వీటిలో చాలావాటికి బొమ్మ అవసరం అంతంత మాత్రమే. పద్యం వింటే చాలు, ప్రసంగం వింటే చాలు. ఊరినుంచి రోజూ గంటసేపు బస్సులో వచ్చే విద్యార్థి వినగలడు. చూపులేని విద్యార్థికైతే వినికిడే పుస్తకం. కాబట్టి డిస్కులోంచి శబ్దాన్ని మాత్రం విడదీసి జేబులో వేసుకునే పద్ధతిని నాకు తెలిసినంతలో ఇక్కడ వివరిస్తాను. లెక్కలున్నాయని పేజీ తిప్పేయకండి. ఎక్కాలు వస్తే సరిపోతుంది.

డిస్కులో ఏముంటుంది?

వీసీడీ 1993లో వచ్చింది. డీవీడీ 1996లో మొదట జపానులో అమ్మకానికి వచ్చింది. రెండింటిలోనూ బొమ్మ, శబ్దం వేర్వేరు చోట్ల ఉండవు. చిన్న చిన్న పొట్లాలుగా కట్టి, ఒకదాని వెనక ఒకటి కలిపి పేర్చి ఉంటాయి. గూడ్సు బండిని తలచుకోండి. నాలుగు బొగ్గు పెట్టెలు, ఒక బియ్యం పెట్టె, మళ్లీ నాలుగు బొగ్గు పెట్టెలు. ప్రతి పెట్టెమీదా లోపల ఏముందో రాసి ఉంటుంది. యార్డులో షంటింగు చేసి బియ్యం పెట్టెలను వేరే పట్టాలమీదికి మళ్లించినట్టే, కంప్యూటరు ఆ చీటీలు చదివి శబ్దపు పొట్లాలను ఓ పక్కకు తీస్తుంది. మనం చేయబోయే పనంతా ఇంతే.

వీసీడీలో సెకనుకు 11,50,000 బిట్లు బొమ్మకు, 2,24,000 బిట్లు శబ్దానికి పోతాయి. అంటే శబ్దం వాటా సుమారు ఆరోవంతు. గంటకు 3,600 సెకన్లు. 2,24,000ను 3,600తో గుణించి, బైట్ల కోసం 8తో భాగిస్తే 10,08,00,000. అంటే గంట ప్రసంగం దాదాపు 100 మెగాబైట్లు. గోరంత ఉండే 16 గిగాబైట్ల కార్డులో నూట యాభై గంటల పైచిలుకు పడుతుంది!

చేసే పద్ధతి

మొదట డిస్కును మెత్తని పొడిబట్టతో మధ్యనుంచి అంచువైపుకు తుడవండి. గుండ్రంగా తిప్పుతూ తుడవకూడదు. బయట తగిలించే డీవీడీ డ్రైవు ఒకటి సంపాదించి, ముందుగా మొత్తాన్ని కంప్యూటరులోకి కాపీ చేసుకోండి. వీసీడీలో ‘ఎంపెగ్ ఏవీ’ అనే ఫోల్డరులో ‘డాట్’ ఫైళ్లుంటాయి. డీవీడీలో ‘వీడియో టీఎస్’ అనే ఫోల్డరులో ‘వాబ్’ ఫైళ్లుంటాయి. వాబ్ ఫైలు ఒక్కొక్కటీ ఒక గిగాబైటుకు మించదు కాబట్టి, పెద్ద కార్యక్రమం పద్యం మధ్యలోనే ముక్కయి ఉండవచ్చు. వాటిని వరుసలో కలిపాకే శబ్దం తీయాలి.

శబ్దం తీయడానికి డబ్బు పెట్టి ఏమీ కొననక్కర్లేదు. వీఎల్‌సీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది. దీన్ని 1996లో మొదలుపెట్టింది ఎకోల్ సెంట్రల్ పారిస్ విద్యార్థులే – మనలాంటి వాళ్లే! అందులో ‘మీడియా’ మెనూలో ‘కన్వర్ట్/సేవ్’ నొక్కి, ఫైలు చూపించి, ‘ఆడియో – ఎంపీ3’ ఎంచుకుంటే పని మొదలవుతుంది.

ఎంపీ3యే ఎందుకంటారా? డీవీడీల్లో సాధారణంగా డాల్బీ డిజిటల్ రకం శబ్దం ఉంటుంది. చాలా చిన్న ప్లేయర్లు దాన్ని పలకవు. ఎంపీ3ని పలకనిది దాదాపు లేదు. పెళ్లిలో డోలు మోగుతుంటే పక్కవాడి గుసగుస మనకు వినబడదు కదా! అలా చెవి ఎలాగూ పట్టుకోలేని వాటిని వదిలేసి పరిమాణం తగ్గించడమే ఎంపీ3 కిటుకు. ఒక్క మనిషి మాటకు సెకనుకు 64,000 బిట్లు చాలు. గంటకు 29 మెగాబైట్లలోపే. పద్యానికి, సంగీతానికి మాత్రం 1,28,000కు తగ్గకండి.

మూడు జాగ్రత్తలు

ఒకటి: డిస్కులో ఉన్నది అప్పటికే కుదించిన శబ్దం. మళ్లీ కుదిస్తే జిరాక్సుకు జిరాక్సు తీసినట్టే. కాబట్టి డిస్కు కాపీని అలాగే దాచి, జేబులోకి మాత్రమే ఎంపీ3 చేసుకోండి.

రెండు: కొన్ని డీవీడీల్లో ఆరు స్పీకర్ల శబ్దం ఉంటుంది. అందులో మాట ఎక్కువగా మధ్య స్పీకరుది. ఎడమ, కుడి మాత్రమే తీసుకుంటే హార్మోనియం వినబడుతుంది, పద్యం వినబడదు. మధ్యదాన్ని రెండు వైపులా కలిపి తీయాలి.

మూడు: ‘ఈ బొమ్మ చూడండి’ అంటూ బోర్డుమీద గీసి చెప్పిన పాఠం చెవికి సగమే అందుతుంది. అలాంటిచోట ఏం గీశారో మరొకరు రెండు వాక్యాల్లో చదివి చేర్చితే చూపులేని మిత్రులకు ఎంతో మేలు.

చట్టం మాటేమిటి?

మనం రికార్డు చేసుకున్న డిస్కులకు తాళం ఉండదు. పాడినవారి, మాట్లాడినవారి అనుమతి అడగడం మన మర్యాద. సినిమా డీవీడీల్లో చాలావాటికి తాళం ఉంటుంది. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షను వ్యక్తిగత వినియోగానికి సముచితమైన వాడకాన్ని ఒప్పుకుంటుంది. 2012 సవరణ వికలాంగులకు అనువైన రూపంలోకి, లాభాపేక్ష లేకుండా మార్చడానికీ దారి ఇచ్చింది. అదే సవరణలో వచ్చిన 65ఎ సెక్షను, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తే నేరమంటుంది. కాబట్టి కాపీలు తీసి పంచిపెట్టే వ్యాపారం మనకొద్దు.

తొందర ఎందుకు?

ఇంట్లో రాసుకున్న డిస్కుల్లో సమాచారం ఉండేది రంగు పొరలో. ఎండకీ వేడికీ అది వెలిసిపోతుంది. మన కోస్తా ఉక్క సంగతి చెప్పేదేముంది! పైగా వీసీడీలో ఎక్కువ నిడివి పట్టించడం కోసం, డేటా సీడీల్లో ఉండే అదనపు దోషసవరణ వరుసను బొమ్మ భాగంలో వదిలేశారు. అందుచేత అదే గీత డేటా సీడీమీద పడితే గట్టెక్కవచ్చు గాని వీసీడీమీద పడితే మాట తెగిపోతుంది. కాబట్టి ముందు వీసీడీలు, తర్వాత డీవీడీలు చేపట్టాలి.

నేను మా డిపార్టుమెంటు బీరువాలో చూసిన డిస్కుల్లో కొన్ని ఇప్పటికే తెరుచుకోవడం లేదు. వాటిలో మాట్లాడిన పెద్దల్లో కొందరు ఇప్పుడు లేరు. పుస్తకం చినిగితే మరో ప్రతి దొరకవచ్చు. ఈ గొంతులకు మరో ప్రతి లేదు. విద్యార్థి సంఘానికి నా విన్నపం ఒక్కటే: ఏటా ప్రతి డిపార్టుమెంటునుంచి ఇద్దరు ముగ్గురు పూనుకుని తలా పది డిస్కులు పూర్తి చేయండి. ప్రతి ఫైలుకూ ఎవరు, ఎప్పుడు, ఎక్కడ మాట్లాడారో రాసి గ్రంథాలయంలో ఒక ప్రతి, మరోచోట ఇంకో ప్రతి ఉంచండి. పాత విద్యార్థుల ఇళ్లలో ఉన్న డిస్కులనూ అడిగి తెచ్చుకోండి. ఒక డ్రైవు, కాస్త ఓపిక – పెట్టుబడి అంతే.