ఒరకు గల ధర్మము

ఒర యనగానే తెలుగువానికి కత్తి స్మరణకు వచ్చును. ఒక ఒరలో రెండు కత్తు లిమడవని సామెత. కత్తిని గూర్చి మనవారు పలికినన్ని మాటలు ఒరను గూర్చి పలుకలేదు. కత్తికి పేరున్నది, ప్రతాపమున్నది, వీరగాథ యున్నది. ఒరకు సామెతలో చోటు మాత్రమే దక్కినది. కాని ఆలోచించి చూచినచో ఆయుధము చేతిలో నుండు కాలము స్వల్పము, ఒరలో నుండు కాలమే దీర్ఘము. చేతిలోని కత్తి పగవానికి భయము. ఒర లేని కత్తి దానిని ధరించినవానికే భయము. కత్తి పోయి తుపాకి వచ్చిన తరువాత ఈ సత్యము మరింత తీవ్రమైనది.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో నేడు లక్షలాది జనులు పిస్తోలును నడుమున ధరించి, పైన చొక్కా కప్పుకొని తమ నిత్యకృత్యములకు పోవుచున్నారు. వారి నడుమ చిరకాలముగా సాగుచున్న వాదమొకటి కలదు. ఆ పిస్తోలు నుంచు ఒర తోలుతో చేసినదై యుండవలెనా, ప్లాస్టిక్కుతో చేసినదై యుండవలెనా? పైకి ఇది చెప్పుల అంగడిలో బేరము వంటి ముచ్చటగా తోచును. లోతునకు దిగినచో ఇందు ప్రాణములతో ముడిపడిన విషయమున్నదని తెలియును.

మన దేశములో 1959 నాటి ఆయుధముల చట్టము ననుసరించి అనుమతిపత్రము లేనిదే ఎవ్వరును తుపాకి నుంచుకొనరాదు. కావున మనలో నూటికి తొంబదితొమ్మిది ఇండ్లలో ఈ ప్రశ్నయే పుట్టదు. అమెరికాలో పరిస్థితి వేరు. 1987లో ఫ్లారిడా రాష్ట్రము, చట్టము చెప్పిన అర్హతలున్న ప్రతివానికిని ఆయుధమును దాచి ధరించుటకు అనుమతి నీయవలసినదే యని శాసనము చేసినది. పిమ్మట అనేక రాష్ట్రము లా త్రోవనే పట్టినవి. 2013లో ఇల్లినాయి రాష్ట్రము కూడ చట్టము చేయుటతో, దీనిని పూర్తిగా నిషేధించు రాష్ట్ర మొక్కటియు మిగులలేదు. 2022 జూనులో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము, ఇంటి వెలుపల ఆత్మరక్షణకై పిస్తోలు ధరించుట రాజ్యాంగ మిచ్చిన హక్కే యని తీర్పు చెప్పినది. 2024 నాటికి 29 రాష్ట్రములలో అనుమతిపత్రము కూడ అక్కరలేకపోయినది.

తెలుగువారు విస్తారముగా స్థిరపడిన టెక్సాసు అట్టి రాష్ట్రములలో నొకటి. అక్కడ ఈ పద్ధతి 2021 సెప్టెంబరు 1వ తేది నుండి అమలులోనికి వచ్చినది. చదువులకై తాత్కాలికపు వీసాపై పోవు మన విద్యార్థులకు మాత్రము సమాఖ్య చట్టము, వేట అనుమతిపత్రము వంటి కొన్ని మినహాయింపులు దప్ప, తుపాకి నుంచుకొనుటయే నిషేధించినదని వారును వారి తలిదండ్రులును గుర్తెరుగవలెను. ఆ టెక్సాసు చట్టములో ఒక విశేషము కలదు. పైకి కనబడునట్లు పిస్తోలు ధరించువాడు దానిని ఒరలో నుంచి తీరవలెను. దాచి ధరించువానికి ఆ నిర్బంధము లేదు. అనగా పదుగురి కంటబడు ఆయుధమునకు ఒరను శాసనమే విధించినది. కంటబడని ఆయుధము విషయమున, ఒర వలెనా వలదా యనుట ధరించువాని వివేకమునకు విడువబడినది.

ఆ వివేకము లోపించినచో ఏమగునో చెప్పుటకు లోకమెరిగిన ఉదాహరణ మొకటి చాలును. ప్లాక్సికో బర్రెస్ అను నతడు అమెరికా ఫుట్‌బాలు ఆటలో పేరెన్నిక గన్నవాడు. 2008 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ అను మహాపోటీలో తన జట్టునకు గెలుపు తెచ్చిన బంతిని పట్టినవా డతడే. అదే సంవత్సరము నవంబరులో అతడు న్యూయార్కు నగరమందలి ఒక రాత్రి విలాసశాలకు పోవుచు, గ్లాక్ పిస్తోలును ఒర లేకుండ లాగు నడుమున దోపుకొనెను. అది కాలివెంట జారినది. జారుదానిని పట్టబోగా మీట నొక్కుకొని, గుండు అతని తొడలోనే దిగినది. ఎదుట పగవాడెవ్వడును లేడు; తగవును లేదు. ఆ నగరములో అనుమతి లేని ఆయుధమును ధరించిన నేరమునకు మరుసటి యేట న్యాయస్థాన మతనికి రెండేండ్ల కారాగారశిక్ష విధించినది. లక్షల జనుల యెదుట బంతిని జారనీయని చేతులు అవి. నడుమున జారిన పిస్తోలును పట్టుటకు ఆ నేర్పు పనికి రాలేదు. అచ్చట వలసినది నేర్పు కాదు, ఒర.

ఇంతకును ఒర చేయవలసిన పని యేమి? పిస్తోలునకు ట్రిగ్గరు అను మీట ప్రాణస్థానము. ఆ మీటను పూర్తిగా కప్పి, వెలుపలినుండి ఏదియు దానిని తాకకుండ కాచుట ఒరకు మొదటి ధర్మము. వంగినను పరుగెత్తినను ఆయుధము జారిపడకుండ పట్టియుంచుట రెండవది. పిస్తోలును పైకి తీసిన తరువాత కూడ తన నోరు మూసికొనక, మరల లోనికి పోవుటకు దారి నిచ్చుట మూడవది. ఈ మూడవదానిని సామాన్యముగా ఎవ్వరును తలపరు. ప్రమాదము తరచుగా అచ్చటనే పొంచి యుండును.

1873 నాటి కోల్టు రివాల్వరులో సుత్తిని బొటనవ్రేలితో వెనుకకు లాగిననే గాని మీట నొక్కినను గుండు పేలదు. గ్లాక్ పిస్తోలు అట్టిది కాదు. 1982లో ఆస్ట్రియా సైన్యము స్వీకరించిన ఈ ఆయుధమునకు చట్రమే ప్లాస్టిక్కు. దానికి రక్షణయంత్రములు లేకపోలేదు. కాని అవి యన్నియు మీట నొక్కగానే తమంతట తాము తొలగునవి. బొటనవ్రేలితో త్రిప్పి మూయదగిన గడియ వేరుగా లేదు. కావున మీటను వెనుకకు త్రోయుచున్నది వ్రేలో, చొక్కా మడతయో, తోలుముక్కయో ఆ పిస్తోలు ఎరుగదు. త్రోచినది ఏదైనను అది పేలును. ఇట్టి పిస్తోళ్ళు విరివిగా వాడుకలోనికి వచ్చిన తరువాతనే తోలునకు ప్లాస్టిక్కునకు గల భేదము రుచి విషయము కాక, రక్షణ విషయమైనది.

తోలు ఒరకు చరిత్ర పెద్దది. 1849 ప్రాంతమున బంగారమునకై కాలిఫోర్నియాకు పరుగెత్తిన జనులకు గుర్రపు జీనులు కుట్టువారే నడుమున వ్రేలాడు ఒరలను కుట్టి యిచ్చిరి. 1920 దశకమున టెక్సాసులోని ఎల్ పాసో నగరములో టామ్ త్రీపర్సన్స్ అను రక్షకభటుని పేర వెలసిన ఒర, అనవసరపు తోలునంతను కోసివేసి తరువాతివారికి ఒరవడి యైనది. న్యూయార్కులో చిక్ గేలార్డ్ అను నతడు 1950 దశకమున దుస్తుల మాటున దాచదగిన ఒరలు చేయుటలో ప్రసిద్ధి కెక్కెను.

మంచి ఒరకు వాడు తోలు చెట్ల చెక్కలతో ఊనినది. మన చర్మకారులు తంగేడు చెక్కతోను కరక్కాయతోను తోలు నూనిన విద్యకు ఇది సోదరి. అట్టి తోలును తడిపి, పిస్తోలు నమూనాపై నొక్కి ఆరబెట్టినచో ఆ యాకారమునే తాల్చి గట్టిపడును. పిదప నెలల తరబడి నడుమున నుండి, మెట్టగా మెట్టగా పాదమున కొదిగిన చెప్పు వలె, ధరించువాని దేహమునకు ఒదుగును. చప్పుడు చేయదు, ఒంటికి గరుకు కాదు, చూపునకు ఇంపు. తోలును మెచ్చువారి మెప్పు ఊరక పుట్టినది కాదు.

కాని తోలునకు గుణమేదో దోషమును అదియే. ఒదుగు గుణము ఎక్కడను ఆగదు. ప్రతిదినము చెమటకు నానుచు, బిగించిన నడికట్టుచేత నొక్కబడుచు, ఏండ్లు గడిచినకొలది తోలు మెత్తబడును. ఒక నాటికి నోటియొద్ద అంచు సడలి లోపలికి మడతపడును. ధరించినవాడు చూడకయే అలవాటుచొప్పున పిస్తోలును లోనికి దోయును. ఆ మడత, మీట చుట్టునుండు కమ్మిలో దూరి వ్రేలు చేయు పనిని తాను చేయును. గుండు తుంటిలోనో తొడలోనో దిగును. అమెరికాలో ఇట్టి ప్రమాదములు జరిగినవి.

వివేకులగు చర్మకారులు దీనికి ఉపాయము లేకుండ చేయలేదు. కాలిఫోర్నియాలో మారువేషమున పని చేసిన బ్రూస్ నెల్సన్ అను పోలీసు ఉద్యోగి రూపొందించిన ఒరలో, నోటిచుట్టు గట్టి పట్టీ యుండి, పిస్తోలు తీసినను అది మూతపడకుండ నిలుచును. పట్టీ లేని మెత్తని తోలుసంచి ఒర యను పేరునకు అర్హము కాదు. మరియొక మాట: తోలు తేమను పట్టియుంచును గనుక, పిస్తోలును నెలల తరబడి అందులోనే దాచినచో ఇనుమునకు త్రుప్పు పట్టును.

ఇక ప్లాస్టిక్కు ఒర. దీనికి వాడుకలోనున్న కైడెక్స్ అను రేకును 1965లో రోమ్ అండ్ హాస్ అను సంస్థ విమానముల లోపలి భాగములకై తయారు చేసినది. ఒరలు చేయువారు దానిని తరువాత పట్టుకొనిరి. ఇంచుమించు 170, 180 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ఆ రేకు మెత్తబడును. అప్పుడు పిస్తోలు నమూనాపై నొక్కి చల్లార్చినచో ఆ రూపమే నిలిచిపోవును. చెమటకు నానదు, నడికట్టునకు లొంగదు. మొదటినాడు నోరెట్లు తెరచుకొని యుండెనో వేయవనాడును అట్లే యుండును. పిస్తోలు చోటు చేరగానే టక్కుమని ధ్వని చేసి సంగతి తెలుపును.

దీనికిని దోషములు కలవు. అంచులు ఒంటికి గ్రుచ్చుకొనును. లోపల దుమ్ము చేరినచో పిస్తోలుపై పూత గీరుకొనిపోవును. ఎండలో మూసియుంచిన కారులో విడిచినచో ఆకారము చెడవచ్చును. వంపులయొద్ద పగుళ్ళు పుట్టును, మరలు సడలును. చూపుడు వ్రేలితో బొత్తాము నొక్కిననే గాని పిస్తోలు విడువని కొన్ని ప్లాస్టిక్కు ఒరలను, ఆ నొక్కిన వ్రేలే జారి మీటపై పడునను భయముచేత కొన్ని శిక్షణసంస్థలు నిషేధించినవి. ప్లాస్టిక్కు అయినంత మాత్రమున ప్రతి ఒరయు మంచిది కాదని దీనివలన తెలియుచున్నది.

అయినచో తీర్పు ఏమి? రెండును చెడునవే, చెడు తీరు వేరు. ప్లాస్టిక్కు పగిలినచో పగులు కంటికి కనబడును, మర సడలినచో చేతికి తెలియును. తోలు చెడుట అట్లుండదు. అది నేటికంటె రేపు కొంచెము మెత్తగా నుండును, అంతే. ఆ మెత్తదనమునే మనుష్యుడు సుఖమని భ్రమించును. మునుపటికంటె హాయిగా నున్నదని మెచ్చుకొను దినములలోనే అది తన మొదటి ధర్మమును విడనాడుచుండును. కావున దుస్తుల చాటున, కంటికి కనబడని చోట, ప్రతిదినము ధరించు పిస్తోలునకు ఆకారము మారని గట్టి ఒరయే మేలని నా అభిప్రాయము. తోలునే కోరువాడు దళసరి తోలు, నోటియొద్ద గట్టి పట్టీ గలదానిని ఎన్నుకొని, అది మెత్తబడిన నాడు మమకారము లేక పారవేయవలెను.

ఏ ఒరకైనను పరీక్ష ఒక్కటే. పిస్తోలునుండి గుండ్లన్నియు తీసివేసి, గదిలో ఒక్కటియు లేకుండ రెండుమార్లు చూచుకొని, వట్టి పిస్తోలును ఒరలో నుంచి మీట యున్న చోట వెలుపలినుండి గట్టిగా నొక్కి చూడవలెను. లోపల మీట కదలినచో ఆ ఒర ఒర కాదు. పిదప పిస్తోలు తీసి నోరు తెరచియున్నదో లేదో చూడవలెను. మరల లోనికి దోయునప్పుడు చొక్కా అంచు తొలగించి, కన్నులతో చూచి, మెల్లగా దోయవలెను. ఆయుధమును త్వరగా తీయవలసిన అవసరము ఎప్పుడైన కలుగవచ్చును; త్వరగా లోపల పెట్టవలసిన అవసరము ఎన్నడును కలుగదు.

కత్తికి పదును పోయినచో ధరించినవానికి వెంటనే తెలియును. ఒరకు బిగువు పోయినచో ఎవ్వరికిని తెలియదు. దినదినము చేతికి తగులుచున్నను చూపునకు ఆననిది ఒర. దానిని నెల కొక్కమారైనను వెలుతురులో నుంచి, క్రొత్తవస్తువును చూచినట్లు చూచువానికి తోలైనను ప్లాస్టిక్కైనను మేలే చేయును. చూడనివానికి రెండును ఒక్కటే.